నిమ్మచెట్టు మీద ట్రాయ్ యుద్ధం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: స్కూలు పిల్లల క్విజ్ కోసం సాహిత్యం, గ్రీకు పురాణం, జంతువులు మూడూ కలిసే విషయం ఒకటి కావాలి. అది ఆశ్చర్యపరచాలి, కానీ వాట్సాప్‌లో తిరిగే ఉత్తుత్తి కబురు కాకూడదు. గద్ద తల మీద తాబేలును పడేస్తే చనిపోయిన గ్రీకు నాటకకర్త కథ నిజమేనా అని కూడా అడిగారు.

ముందు తాబేలు సంగతి తేల్చేద్దాం. ఆ నాటకకర్త ఈస్కిలస్. క్రీస్తుపూర్వం 456 ప్రాంతంలో సిసిలీ దీవిలోని గేలా పట్టణంలో చనిపోయాడు. ఆయన బట్టతలను రాయి అనుకుని గద్ద తాబేలును జారవిడిచిందనే కథను మనకు చెప్పినవాళ్లు వలేరియస్ మాక్సిమస్, ప్లినీ లాంటి రోమన్ రచయితలు. వాళ్లు రాసింది ఆయన పోయిన దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత. అందుకని దాన్ని చరిత్రగా పిల్లలకు చెప్పకండి, కథగా చెప్పండి. గద్దలు తాబేళ్లను పైకి ఎత్తుకెళ్లి బండల మీద పడేసి, పగిలాక తినడం మాత్రం నిజం. గ్రీసులో బంగారు గద్దలు ఇప్పటికీ ఆ పని చేస్తాయి. ఇంతకంటే నన్ను కదిలించే విషయం ఇంకొకటుంది. ఈస్కిలస్ సమాధి మీద ఉండేదని చెప్పే పద్యంలో ఆయన పర్షియన్ల మీద మారథాన్ యుద్ధంలో పోరాడిన మాట ఉంది. నాటకాల గురించి ఒక్క ముక్క కూడా లేదు.

ఇక మీరు అడిగిన అసలు దానికి వస్తాను. ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. ఈ మూడూ కలిసే విషయం ఒక్కటే చెప్పమంటే క్షణం ఆలోచించకుండా సీతాకోకచిలుకల పేర్లు అంటాను. గ్రీకులకూ ట్రాయ్ నగరానికీ మధ్య జరిగిందని పురాణం చెప్పే ట్రాయ్ యుద్ధంలో పోరాడిన వీరులు మన పెరళ్లలోనే ఎగురుతున్నారు. మీ ఇంట్లో నిమ్మచెట్టో కరివేపాకు మొక్కో ఉంటే, వాళ్లలో కనీసం ఇద్దరు ఇప్పటికే మీ ఇంటికి వచ్చి వెళ్లుంటారు.

ఇది ఎలా జరిగిందంటే, స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో తన సిస్టమా నేచురే పదో ముద్రణ తెచ్చాడు. జంతువులన్నిటికీ రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి అందులోనే స్థిరపడింది. పిల్లలకు దాన్ని వివరించడానికి నేను ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ని. మన తెలుగువాళ్లు రాసుకున్నట్టే ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ప్రజాతి ఇంటిపేరు, జాతి సొంత పేరు. లిన్నేయస్ అప్పట్లో సీతాకోకచిలుకలన్నిటికీ పపిలియో అనే ఒకే ఇంటిపేరు పెట్టాడు. మరి సొంత పేర్లో? దాదాపు 190 రకాలకు ఒక్కసారిగా పేర్లు కావాలి. రెక్కల రంగు, మచ్చల లెక్క చూసి పెట్టుకుంటూ పోతే ఎన్నని పెడతారు? ఆయన ట్రాయ్ వీరుల కథలు కావ్యాలుగా రాసిన గ్రీకు కవి హోమర్‌ని, రోమన్ కవి వర్జిల్‌ని ముందు పెట్టుకున్నాడు.

పెద్ద రెక్కల సీతాకోకచిలుకలకు ఆయన ‘ఈక్విటీస్’ అని పేరు పెట్టాడు. అంటే గుర్రపు వీరులు. వాళ్లను మళ్లీ రెండు సైన్యాలుగా చీల్చాడు. రొమ్ము మీద నెత్తురు రంగు మచ్చలున్నవి ట్రాయ్ వైపు, రొమ్ము మీద నెత్తురు లేనివి గ్రీకుల వైపు. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు, ఆయన లాటిన్‌లో రాసిన గుర్తింపు లక్షణమే అది. ప్రియామ్, హెక్టర్, పారిస్, ఈనియస్ ట్రాయ్ వైపు. అగమెమ్నాన్, మెనెలాస్, యులిసిస్ గ్రీకుల వైపు. ఇంకో మాట. లిన్నేయస్ ఆసియాలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. స్వీడన్ రాణి లోవిసా ఉల్రికా సేకరణ లాంటి చోట్ల, సూదులు గుచ్చి సొరుగుల్లో పెట్టిన ఎండు సీతాకోకచిలుకలే ఆయన చూసింది. అవి ఎలా ఎగురుతాయో, ఏ ఆకు తింటాయో, దేనికి దేనితో చుట్టరికమో తెలిసే వీలే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

చిన్న చిన్న సీతాకోకచిలుకలకు వీరుల హోదా దక్కలేదు. వాటికి ‘ప్లెబీజీ’ అని పేరు, అంటే సామాన్య జనం. అందులో మళ్లీ పల్లెవాళ్లు, పట్నవాసులు అని రెండు తెగలు. గడ్డిలో గోరంత నీలి రెక్కలతో ఎగిరేవి ఆ పల్లెవాళ్లలోకి వచ్చాయి. వీటి గురించి సాహిత్యం వైపు నుంచి ఒక మాట. రచయిత వ్లదీమిర్ నబొకోవ్ 1940లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం జంతు మ్యూజియంలో సీతాకోకచిలుకల విభాగం చూసుకునేవాడు. మైక్రోస్కోప్ కింద ఈ నీలి రకాలనే ఏళ్ల తరబడి పరిశీలించాడు. అమెరికా ఖండాల్లోని కొన్ని నీలి రకాల పూర్వీకులు ఆసియా నుంచి బేరింగ్ జలసంధి మీదుగా అయిదు విడతలుగా వెళ్లారని 1945లో రాశాడు. నిపుణులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2011లో డీఎన్ఏ పరీక్షలు చేస్తే ఆయన చెప్పిన అయిదు విడతలూ నిజమని తేలింది. అప్పటికి ఆయన పోయి ముప్ఫై ఏళ్లు దాటింది.

సరే, పెరట్లోకి వద్దాం.

నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు చెట్ల చుట్టూ నలుపు మీద లేత పసుపు మచ్చలతో, తోక లేని రెక్కలతో గబగబా తిరిగేది పపిలియో డెమోలియస్. ఇంగ్లిష్‌లో లైమ్ బటర్‌ఫ్లై అంటారు. దీని గొంగళి పురుగును మీరు చూసే ఉంటారు, చూసి కూడా పురుగని గుర్తుపట్టి ఉండరు. చిన్నప్పుడు అది ఆకు మీద పడ్డ పిట్ట రెట్టలాగే ఉంటుంది, గోధుమ రంగు మీద తెల్లటి పట్టీ. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు తడితడిగా బయటికి వస్తాయి, ఘాటైన వాసన కొడుతుంది. నా క్లాసులో ఏటా ఒక కరివేపాకు కొమ్మ తెచ్చి ఇది చూపించేవాణ్ని. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి ముందుకు వచ్చేవాళ్లు.

ఈ డెమోలియస్ ఎవరు? వర్జిల్ రాసిన ఈనియిడ్ అయిదో సర్గలో రెండు మూడు పంక్తులు దక్కిన గ్రీకు యోధుడు. అతన్ని ఈనియస్ ట్రాయ్ దగ్గర సిమోయిస్ నది ఒడ్డున ఓడించి కవచం లాక్కున్నాడు. ఆ తర్వాత సిసిలీలో పడవ పందేలు జరిగినప్పుడు ఆ కవచాన్నే రెండో బహుమతిగా ఇస్తాడు. బంగారు అల్లికలున్న ఆ కవచాన్ని ఇద్దరు పనివాళ్లు భుజాన మోయలేక అవస్థ పడ్డారట. అలాంటి దాన్ని తొడుక్కుని డెమోలియస్ పరుగెత్తుతూ ట్రాయ్ వాళ్లను తరిమేవాడని వర్జిల్ చెబుతాడు. అంత బరువు మోస్తూ అంత వేగంగా పరుగెత్తినవాడి పేరు ఈ సీతాకోకచిలుకకు బాగా సరిపోయిందని నాకు అనిపిస్తుంది. ఆసియా నుంచి సముద్రాలు దాటి ఇది 2004లో కరీబియన్‌లోని డొమినికన్ రిపబ్లిక్‌లో కూడా కనిపించింది, అక్కడి నిమ్మ, నారింజ మొక్కలకు పురుగై కూర్చుంది.

సీతాఫలం చెట్టు దగ్గరికి వెళ్తే అగమెమ్నాన్ ఉంటాడు. ఇప్పటి పూర్తి పేరు గ్రాఫియం అగమెమ్నాన్, నలుపు మీద ఆపిల్ ఆకుపచ్చ మచ్చలు, పూల మీద తేనె తాగుతున్నా రెక్కలు ఆడిస్తూనే ఉంటాడు. సంపెంగ, వీధుల్లో అశోక చెట్టని నాటే పొడుగాటి చెట్టు కూడా వీటి గొంగళి పురుగులకు ఇష్టం. గ్రీకు సైన్యానికంతటికీ నాయకుడు అగమెమ్నాన్. తమ్ముడి భార్యను ఎత్తుకుపోతే ఆమెను వెనక్కి తేవడానికి సముద్రం దాటినవాడు. అతని పేరున్న జీవి మన దగ్గర సీత పేరున్న చెట్టు మీద పుట్టి పెరుగుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ ఆ సంగతి తెలిశాక సీతాఫలం చెట్టును మునుపటిలా చూడలేకపోతున్నాను.

జిల్లేడు మీద ఉండేవాళ్ల కథ ట్రాయ్‌ది కాదు, అంతకంటే పాతది. నారింజ రంగు రెక్కలు, నల్లటి కొసలు, వాటిలో తెల్ల చుక్కలు. దాని పేరు డనాస్ క్రిసిప్పస్. గ్రీకు పురాణంలో డనాస్, ఈజిప్టస్ అన్నదమ్ములు. డనాస్‌కు యాభై మంది కూతుళ్లు, ఈజిప్టస్‌కు యాభై మంది కొడుకులు. పెళ్లిళ్లు జరిగాయి. తండ్రి ఆజ్ఞ మీద నలభై తొమ్మిది మంది కూతుళ్లు మొదటి రాత్రే భర్తల్ని చంపేశారు. హైపర్మ్నెస్ట్రా ఒక్కతే భర్తను వదిలిపెట్టింది. చచ్చిపోయిన అల్లుళ్లలో ఒకడి పేరు క్రిసిప్పస్, లిన్నేయస్ ఆ పేరు తీసుకున్నాడు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఈ రకాలన్నిటికీ కొత్త ఇంటిపేరు పెట్టాల్సివచ్చి డనాస్ అని పెట్టారు. అలా చంపించిన మామ పేరే చచ్చిన అల్లుడికి ఇంటిపేరయింది. అమెరికాలో వేల మైళ్లు వలసపోయే మోనార్క్ కూడా ఈ ఇంటివాడే, డనాస్ ప్లెక్సిప్పస్. ప్లెక్సిప్పస్ కూడా ఆ అల్లుళ్లలో ఒకడు.

క్రిసిప్పస్ గురించి ఇంకొకటి చెప్పకుండా ముందుకు పోలేను. ఈజిప్టులో నెబమూన్ అనే అధికారి సమాధిలోని గోడ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం 1350 ప్రాంతంది. నెబమూన్ పడవలో నిలబడి రెల్లు పొదల్లో పక్షుల్ని వేటాడుతుంటాడు. చుట్టూ పక్షులు, చేపలు, మధ్యలో నారింజ రంగు సీతాకోకచిలుకలు. రెక్కల కొసలో నలుపు, తెల్ల చుక్కలు చూసి అవి ఈ క్రిసిప్పస్‌లేనని కీటక శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈజిప్టస్ కొడుకు పేరు తగిలించుకున్న సీతాకోకచిలుక, ఆ పేరు తగలడానికి మూడు వేల ఏళ్ల ముందే ఈజిప్టు గోడ మీద ఉంది. పాత సీతాకోకచిలుక బొమ్మల్లో ఇంత స్పష్టంగా జాతి గుర్తుపట్టగలిగేవి చాలా తక్కువ.

ఇప్పుడు అన్నిటికంటే పెద్దది చెబుతాను. మీ క్విజ్‌కు ఇది ఒక్కటి చాలు.

హెక్టర్ ట్రాయ్ రాజు ప్రియామ్ పెద్ద కొడుకు, ఆ నగరానికి కోట గోడ లాంటివాడు. అతని పేరున్న సీతాకోకచిలుక మన దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ బాగా తిరుగుతుంది. ఇప్పటి పేరు పాక్లియోప్టా హెక్టర్, ఇంగ్లిష్‌లో క్రిమ్సన్ రోజ్. నల్ల రెక్కలు, ముందు రెక్కలకు తెల్ల పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్రటి చుక్కలు, ఒళ్లంతా నెత్తురు ఎరుపు. దీని గొంగళి పురుగు ఈశ్వరవేరు జాతి తీగలే తింటుంది. ఆ తీగల్లో ఉండే విషం పురుగు ఒంట్లో చేరి, పెద్దయ్యాక కూడా అలాగే ఉంటుంది. పక్షి ఒకసారి తింటే ఆ చేదు, ఆ వికారం మర్చిపోదు. అందుకే హెక్టర్ ఎవరికీ భయపడకుండా నిదానంగా, తేలిపోతున్నట్టు ఎగురుతుంది.

హెక్టర్‌కు పొలిటీస్ అని ఒక తమ్ముడున్నాడు. అతని పేరు పపిలియో పొలిటీస్‌కు పెట్టారు. ఇంగ్లిష్‌లో కామన్ మోర్మన్, దీని పురుగు కూడా కరివేపాకు, నిమ్మ మీదే పెరుగుతుంది. దీనికి విషం లేదు, పక్షులకు ఇది రుచికరమైన తిండి. మగదానికి నల్ల రెక్కలు, వెనక రెక్కల మీద తెల్ల చుక్కల వరస, అంతే. ఆడవి మాత్రం మూడు రకాల వేషాల్లో ఉంటాయి. కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని కామన్ రోజ్ అనే ఇంకో విషపు రకంలా ఉంటాయి. మూడో వేషం అచ్చం హెక్టర్. అవే తెల్ల పట్టీలు, అవే ఎర్ర చుక్కలు, చివరికి ఆ నిదానపు ఎగురుడు కూడా. మోర్మన్లంటే అమెరికాలో ఒకప్పుడు ఒకే మగాడు ఎక్కువమంది భార్యల్ని చేసుకునే ఆచారమున్న మత శాఖ; ఒకే మగదాని పక్కన ఇన్ని రకాల ఆడవి కనిపించడం వల్లే ఇంగ్లిష్‌వాళ్లు మోర్మన్ అని పేరు పెట్టారు. తమ్ముడి పేరున్న జీవి ప్రాణం కాపాడుకోవడానికి అన్న వేషం వేస్తోంది.

లిన్నేయస్‌కు ఇది తెలిసి పేర్లు పెట్టాడా అని నన్ను చాలామంది అడిగారు. తెలియదు. తెలిసే అవకాశమే లేదు. విషం లేనిది విషమున్నదాని వేషం వేస్తుందనే సంగతిని ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్ అమెజాన్ అడవుల నుంచి తిరిగొచ్చి 1862లో గానీ రాయలేదు. అంటే లిన్నేయస్ పేర్లు పెట్టిన వందేళ్లకు పైన. అసలు పొలిటీస్ ఆడమగలు ఒకటేనని కూడా లిన్నేయస్‌కు తెలియదు. ఆడదానికి పొలిటీస్ అని, మగదానికి వేరే జాతి అనుకుని పమ్మోన్ అని పేరు పెట్టాడు. పమ్మోన్ కూడా ప్రియామ్ కొడుకే! హెక్టర్ వేషంలో ఉన్న ఆడదానికి తర్వాత ఇంకొకాయన రోములస్ అని మూడో పేరు పెట్టాడు. ఇవన్నీ ఒకే జాతి అని 1860లలో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ వివరించాడు.

మరి ఆడవన్నీ హెక్టర్ వేషమే వేయొచ్చు కదా? వేస్తే ఆ వేషానికి విలువ పోతుంది. నకిలీలు ఎక్కువై అసలు తక్కువైతే, కొత్తగా వేట నేర్చుకుంటున్న పక్షికి మొదట నకిలీయే దొరుకుతుంది. తింటుంది, బాగుంటుంది, ఇంకోటి తింటుంది. నకిలీలు తక్కువగా ఉన్నంతకాలమే భయం పనిచేస్తుంది. హెక్టర్ తిరిగే ప్రాంతాల్లోనే ఈ హెక్టర్ వేషం కనిపించడానికి కారణం కూడా ఇదే. ఈ వేషాన్నంతటినీ ‘డబుల్‌సెక్స్’ అనే ఒక్క జన్యువు నడిపిస్తుందని 2014లో బయటపడింది. ఆ పరిశోధనలో బెంగళూరు శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటేది ముఖ్య పాత్ర. కీటకాల్లో ఆడా మగా తేడాను నిర్ణయించే జన్యువే అది. అదే ఆడదాని రెక్కల మీద వేషం కూడా గీస్తోంది.

హోమర్ కావ్యం ఇలియడ్ చదివినవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగిపోతారు. రెండో సర్గలో పొలిటీస్ ట్రాయ్ వాళ్ల కాపలాదారు. బాగా పరుగెత్తగలడు గనక ఒక పాత సమాధి దిబ్బ మీద కూర్చుని గ్రీకుల ఓడల వైపు చూస్తుంటాడు. ఐరిస్ దేవత అచ్చం పొలిటీస్ గొంతుతో వచ్చి ప్రియామ్‌తో, హెక్టర్‌తో మాట్లాడుతుంది. ఆ మాటలు దేవతవని హెక్టర్ పోల్చుకుంటాడు. కావ్యంలో హెక్టర్ ముందుకి ఎవరో పొలిటీస్ వేషంలో వచ్చారు. మన పెరట్లో పొలిటీస్ హెక్టర్ వేషంలో వస్తోంది.

ఆఖరి సర్గలో ఇంకోటి ఉంది. హెక్టర్ చనిపోయాడు. శవాన్ని విడిపించుకు రావడానికి ముసలి ప్రియామ్ బండి సిద్ధం చేయించుకుంటూ, మిగిలిన తొమ్మిది మంది కొడుకుల్ని పేరుపేరునా పిలిచి తిడతాడు. హెలెనస్, పారిస్, పమ్మోన్, పొలిటీస్ అందరూ ఆ జాబితాలో ఉన్నారు, ఈ నలుగురి పేర్లూ లిన్నేయస్ సీతాకోకచిలుకలకు పెట్టినవే. మంచివాళ్లంతా యుద్ధంలో పోయారు, మిగిలింది మీరా అని తిడుతూ వాళ్లను ప్రియామ్ అన్న మాటల్లో రెండు ఇవి: అబద్ధాలకోరులు, నాట్యగాళ్లు. కరివేపాకు చెట్టు చుట్టూ ఆడుతూ పక్షిని మోసం చేసే పొలిటీస్‌ను చూసిన ప్రతిసారీ నాకు ఆ ముసలాయన గొంతు వినిపిస్తుంది.

క్విజ్‌లో దీన్ని ఎలా అడగాలో కూడా చెబుతాను. శాస్త్రీయ నామాలు బట్టీ పట్టించే ప్రశ్నలు వద్దు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టండి, ఒకటి నిజం హెక్టర్, ఇంకోటి హెక్టర్ వేషంలోని పొలిటీస్. అన్న ఎవరు, తమ్ముడెవరు అని అడగండి. రెక్కలు చూస్తే దొరకదు, ఒళ్లు చూడాలి. అన్న ఒళ్లు ఎర్రగా ఉంటుంది, తమ్ముడిది నల్లగా ఉంటుంది. ఫొటో దొరక్కపోతే వానలు పడ్డాక పొద్దున్నే పిల్లల్ని ఒక కరివేపాకు చెట్టు దగ్గర నిలబెట్టండి. హెక్టర్‌లా కనిపించేది వచ్చి లేత కరివేపాకు మీద పొట్ట వంచి గుడ్డు పెట్టిందంటే అది హెక్టర్ కాదు.